చెన్నపట్నపు తెలుగు పుస్తకాలకు డిజిటల్ గ్రంథాలయం: వివరాల పట్టిక ఎలా రాయాలి

చెన్నపట్నంలో అచ్చయినన్ని పాత తెలుగు పుస్తకాలు చాలాకాలం ఇంకెక్కడా అచ్చు కాలేదు. వావిళ్ల వారి ప్రెస్సు 1854లో మొదలైంది. ఆంధ్రపత్రిక 1914లో బొంబాయి నుంచి ఇక్కడికి వచ్చింది. భారతి 1924లో ఇక్కడే పుట్టింది. ఆ కాలపు ప్రతులు ఇప్పటికీ ఇళ్లలోని బీరువాల్లో, తెలుగు సంఘాల గదుల్లో అట్టలూడి కనిపిస్తాయి. వాటిని స్కాన్ చేద్దామనే ఉత్సాహం చాలామందికి ఉంది. స్కాన్ చేసింది రేపు ఇంకొకరికి దొరకాలంటే ఏం రాసిపెట్టాలో ఆలోచించేవాళ్లు తక్కువ. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాల పేర్లు ఎన్నో ఇంగ్లీషు అక్షరాల్లో, ఒకే మాట నాలుగు రకాల స్పెల్లింగులతో ఎక్కాయి. పుస్తకం ఉండేది, వెతికితే వచ్చేది కాదు. ఇంత శ్రమపడి చేసిన పని అలా కనబడకుండా పోవడం నిజంగా బాధ కలిగించే విషయం.

ఒక సంఘం గానీ, కుటుంబం గానీ వందా రెండు వందల పుస్తకాలతో మొదలుపెట్టేటప్పుడు మెటాడేటా, అంటే పుస్తకాల వివరాల పట్టిక, ఎలా రాసుకోవాలన్నదే ఇక్కడ ముఖ్యంగా చెబుతున్నాం. స్కానింగు గురించి అవసరమైనంతే.

పుస్తకం చేతిలో ఉండగానే రాయండి

మొదటి నియమం: వివరాలు స్కాన్ చూసి రాయకూడదు, పుస్తకం చూసి రాయాలి. ముందు స్కాన్ చేసేసి, పుస్తకం ఇచ్చినవారికి తిరిగి పంపేసి, తర్వాత తీరిగ్గా పట్టిక నింపుదామనుకుంటే ముద్రణ వివరాలున్న పుట స్కాన్‌లో సగం కత్తిరించి ఉందని అప్పుడు తెలుస్తుంది. లేదా అది వెనక అట్ట లోపలివైపు ఉంటుంది, దాన్ని ఎవరూ స్కాన్ చేసి ఉండరు. ఒక్కో పుస్తకానికి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టుకోండి. ముఖపత్రం, దాని వెనక పుట, పీఠిక చివర సంతకమూ తేదీ, చివరి పుట, వెనక అట్ట: ఈ అయిదూ చూశాకే కలం దించాలి.

గడులు ఏమేం ఉండాలన్న ప్రశ్నకు కొత్తగా తల పగలగొట్టుకోనక్కర్లేదు. డబ్లిన్ కోర్ అనే ప్రమాణం 1995లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్ ఊళ్లో జరిగిన సమావేశంతో మొదలైంది. అందులో గడులు 15: టైటిల్, క్రియేటర్, సబ్జెక్ట్, డిస్క్రిప్షన్, పబ్లిషర్, కంట్రిబ్యూటర్, డేట్, టైప్, ఫార్మాట్, ఐడెంటిఫయర్, సోర్స్, లాంగ్వేజ్, రిలేషన్, కవరేజ్, రైట్స్. ఏదీ తప్పనిసరి కాదు, ఏదైనా ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. మీ గ్రంథాలయం ఇప్పటికే కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంటే మార్క్ 21 అనే అంకెల గడుల పద్ధతిలో రాస్తారు. అక్కడ పుస్తకం పేరు 245లో, కర్త 100లో, మిగిలినవాళ్లు 700లో, ప్రచురణ 264లో, అసలు లిపిలో ఉన్న రూపం 880లో. రెండింటిలో ఏది వాడినా, తెలుగు పుస్తకం పెట్టే చిక్కులు ఒకటే.

ముఖపత్రాన్ని విడదీయడం

పాత పుస్తకం ముఖపత్రం మీద ఇలా ఉందనుకోండి: "మనుచరిత్రము. బ్రహ్మశ్రీ ఫలానా శాస్త్రులవారి టీకాతాత్పర్యములతో, ఫలానా పంతులుగారిచే పరిష్కరింపఁబడి, చెన్నపురి ఫలానా ముద్రాక్షరశాలయందు ముద్రించి ప్రకటింపఁబడియె. ద్వితీయ ముద్రణము. ప్రమోదూత సం. వెల రు. 1-8-0."

ఇందులో అల్లసాని పెద్దన పేరే లేదు. అందరికీ తెలిసిందే కదా అని అప్పటి ప్రకాశకులు వదిలేసేవారు. క్రియేటర్ గడిలో మాత్రం పెద్దనే ఉండాలి. పెద్ద అక్షరాల్లో ఉన్నాయి కదా అని శాస్త్రులవారి పేరు అక్కడ పెట్టేయడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. టీకాకారుడు, పరిష్కర్త ఇద్దరూ కంట్రిబ్యూటర్లు. కృతి అంకితం పొందిన కృతిపతి కర్తా కాదు, కంట్రిబ్యూటరూ కాదు. ఆయన పేరు డిస్క్రిప్షన్‌లోకి వెళ్తుంది. సాదా డబ్లిన్ కోర్‌లో ఎవరు ఏ పని చేశారో చెప్పే చోటు లేదు. అలాగని పేరు పక్కనే "టీకాకారుడు" అని చేర్చకండి. ఒకే మనిషి ఒకచోట కర్తగా, ఇంకోచోట టీకాకారుడిగా రెండు పేర్లయిపోతాడు. పేర్ల గడిలో పేరే ఉంచి, ముఖపత్రం మీది వాక్యం మొత్తాన్ని అరసున్నలతో సహా డిస్క్రిప్షన్‌లో ఉన్నదున్నట్టు దించండి. రేపు మీ నిర్ణయం తప్పని తేలితే సరిదిద్దుకోడానికి ఆ వాక్యమే ఆధారం.

ముద్రించినవారు వేరు, ప్రకటించినవారు వేరు. ప్రెస్సు పేరు పెద్దగా, ప్రకాశకుడి పేరు అడుగున చిన్నగా ఉండడం మామూలే. "ప్రకటింపఁబడియె", "ప్రకాశకులు" అన్న మాటల పక్కనున్న పేరే పబ్లిషర్. పై ఉదాహరణలో లాగా ముద్రాక్షరశాలవారే రెండు పనులూ చేస్తే వాళ్లనే రాయాలి.

టైటిల్ రెండుసార్లు రాయండి, వీలైతే మూడుసార్లు. మొదటిది ముఖపత్రం మీద ఉన్నట్టు. రెండోది, ఇవాళ్టి వాడుకలో జనం వెతికే రూపం: "మనుచరిత్ర". అసలు పేరు వేరే ఉంటే అదీ చేర్చాలి. పెద్దన కావ్యానికి స్వారోచిష మనుసంభవమని మరో పేరు, ఆముక్తమాల్యదకు విష్ణుచిత్తీయమని మరో పేరు ఉన్నాయి. రెండు ప్రతులు రెండు పేర్లతో ఎక్కితే అవి ఒకే కావ్యమని యంత్రానికి తెలియదు. ఇక చెన్నైలో ఉండేవారికి ఇంగ్లీషు అక్షరాల రూపం తప్పనిసరి. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగువాళ్లలో ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడి, చదవడం మాత్రం తమిళమో ఇంగ్లీషో వచ్చినవారు చాలామంది. తాతగారి పుస్తకం కోసం వాళ్లు వెతికేది ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఐఎస్‌ఓ 15919 అనే లిప్యంతరీకరణ పద్ధతిలో గుర్తులతో ఒక రూపం, మామూలుగా ఫోన్‌లో టైపు చేసే రూపం ఒకటి ఆల్టర్నేటివ్ టైటిల్‌గా చేర్చండి.

ఊరి పేరుకీ ఇదే పద్ధతి. చెన్నపురి, చెన్నపట్టణము, మదరాసు, మద్రాసు: ముఖపత్రం మీద ఏది ఉంటే అది డిస్క్రిప్షన్‌లో, వెతుకులాటకు వాడే గడిలో అన్నింటికీ "చెన్నై" ఒక్కటే.

ఏడు తేల్చడం

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. "ప్రమోదూత సం." అంటే 1930-31 కావచ్చు, 1870-71 కావచ్చు, 1990-91 కూడా కావచ్చు. లెక్క కట్టడం తేలిక: ప్రభవ 1867, 1927, 1987 సంవత్సరాల ఉగాదులతో మొదలైంది. అరవై పేర్ల వరసలో మీ సంవత్సరం ఎన్నోదో చూసి, అందులోంచి ఒకటి తీసేసి, ఈ మూడింటిలో సరైనదానికి కలపండి. ప్రమోదూత నాలుగోది, అంటే 1927కి 3 కలిపితే 1930. అది ఉగాది నుంచి మళ్లీ ఉగాది దాకా నడుస్తుంది కాబట్టి నెల తెలియనప్పుడు 1930 అని తేల్చేయకుండా 1930/1931 అని రాయాలి. గీత ఇలా పెట్టడం ఈడీటీఎఫ్ అనే తేదీల పద్ధతి. ఇప్పుడది ఐఎస్‌ఓ 8601 రెండో భాగంలో చేరింది. ఏడు అనుమానమైతే చివర ప్రశ్నార్థకం, సుమారుగా అయితే టిల్డ (~) గుర్తు పెడతారు. దశకం మాత్రమే తెలిస్తే చివరి అంకె బదులు ఎక్స్.

పేర్లు పొరబడకండి. క్రోధి 38వది, క్రోధన 59వది. క్రోధి అయితే 1904 లేదా 1964, క్రోధన అయితే 1925 లేదా 1985. శుభకృతు 36, శోభకృతు 37. విరోధి 23, విరోధికృతు 45. చివరి అక్షరం చిరిగిపోయిన పుటలో వీటిని గుర్తుపట్టడం కష్టం.

శాలివాహన శకం ఇస్తే ఉగాది నుంచి డిసెంబరు దాకా 78, జనవరి నుంచి ఫాల్గుణం ముగిసేదాకా 79 కలపాలి. శక 1852 మాఘం అంటే 1931, 1930 కాదు. జమీందారీ ముద్రణల్లో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి. ఆ ఏడు జులైలో మొదలై జూన్‌లో ముగుస్తుంది.

ఏ అరవై ఏళ్ల చక్రమో తేల్చడానికి పుస్తకమే సాక్ష్యం చెబుతుంది. వెల రూపాయి-అణా-పైసల్లో ఉంటే 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు రాకముందుది అనుకోవచ్చు. "నయాపైసలు" అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతిదే. "ఆంధ్రప్రదేశ్" అన్న మాట ఉంటే దాదాపుగా 1956 నవంబరు తర్వాతిది. నగరం పేరు "చెన్నై" అని అచ్చయి ఉంటే 1996 దగ్గరో, ఆ తర్వాతో. పై ఉదాహరణలో వెల 1-8-0, అంటే రూపాయిన్నర. కాబట్టి 1990 కాదు. 1870, 1930ల మధ్య తేల్చేది పీఠిక, కాగితం, అచ్చు. ఏ సాక్ష్యంతో తేల్చారో డిస్క్రిప్షన్‌లో ఒక వాక్యం రాయండి, "ప్రమోదూత సం." అన్న అసలు మాటను ఎక్కడా చెరపకండి.

పేర్లు, బిరుదులు

తెలుగు పేరులో ఇంటిపేరు ముందే ఉంటుంది కాబట్టి తెలుగులో రాసేటప్పుడు తిరగేసి కామా పెట్టనక్కర్లేదు. "కందుకూరి వీరేశలింగం" అని రాస్తే అకారాది క్రమంలో దానంతటదే కందుకూరి దగ్గర చేరుతుంది. ఇంగ్లీషు గడిలో కామా పద్ధతి పాటించాలనుకుంటే అన్ని పేర్లకూ పాటించండి. పొడి అక్షరాలున్నచోట విప్పి రాయండి, విప్పడం తెలియకపోతే ఉన్నట్టే ఉంచండి. ఊహించి విప్పితే ఇద్దరు మనుషులు ఒకరైపోతారు.

బ్రహ్మశ్రీ, మహామహోపాధ్యాయ, గారు, శ్రీ: ఇవి పేరులో భాగం కావు, తీసేయాలి. లేకపోతే మీ కర్తల జాబితాలో సగం శకారం కిందే చేరుతుంది. అయితే ఫైండ్ అండ్ రిప్లేస్‌తో "శ్రీ"ని ఒక్క దెబ్బకు తీసేయకండి. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి పేరు "పాద"తో మొదలవుతుంది, శ్రీశ్రీ ఖాళీ గడి అయిపోతాడు. "శ్రీ" తర్వాత ఖాళీ ఉన్నచోట్ల మాత్రమే, అదీ ఒక్కొక్కటే చూసి తీయాలి.

కలంపేర్లకు వేరే షీటులో పేర్ల పట్టిక పెట్టుకోండి. స్థిరమైన రూపం ఒక గడిలో, మిగిలిన రూపాలు పక్క గడుల్లో, మరణించిన సంవత్సరం ఒక గడిలో. శ్రీరంగం శ్రీనివాసరావు, శ్రీశ్రీ ఒకరే. గుడిపాటి వెంకటచలం, చలం ఒకరే. వికీడేటాలో ఆ మనిషికున్న సంఖ్య కూడా అక్కడే రాసి ఉంచితే రేపు వేరే గ్రంథాలయంతో కలపడం సులువు. మరణించిన సంవత్సరం ఎందుకో హక్కుల దగ్గర తెలుస్తుంది.

భాష ఒకటి, లిపి ఒకటి

చెన్నపట్నం ముద్రణల్లో ఇది ప్రత్యేకంగా చూసుకోవాల్సిన సంగతి. తెలుగు లిపిలో అచ్చయిన సంస్కృత గ్రంథాలు ఇక్కడ లెక్కలేనన్ని. అక్షరాలు చూసి లాంగ్వేజ్ గడిలో తెలుగు అని వేసేస్తే సంస్కృతం వెతికేవాడికి అవి దొరకవు. దీనికి తలకిందులుగా, త్యాగరాజ కీర్తనలు తమిళ లిపిలో అచ్చయిన పుస్తకాలు ఏ సంగీత సభ దగ్గరి దుకాణంలో చూసినా ఉంటాయి. అక్కడ భాష తెలుగు, లిపి తమిళం. భాషకు ఐఎస్‌ఓ 639 కోడు, లిపికి ఐఎస్‌ఓ 15924 కోడు వేరువేరుగా ఉన్నాయి. రెండూ కలిపి రాయండి. మూలం సంస్కృతం, తాత్పర్యం తెలుగు అయితే లాంగ్వేజ్ గడిని రెండుసార్లు వాడండి. ఒకే గడిలో "సంస్కృతం, తెలుగు" అని కామాతో రాస్తే అది మూడో భాషగా నమోదవుతుంది.

సబ్జెక్ట్‌కు ఎవరికి తోచిన మాట వాళ్లు రాయకుండా అరవై డెబ్భై మాటల జాబితా ముందే కట్టుకుని, అందులోంచే ఎంచుకోవాలి. "నాటకం", "నాటకాలు", "నాటకములు" మూడు విషయాలైపోవడం చాలా జాబితాల్లో చూస్తాం. డ్యూయీ వర్గీకరణ సంఖ్య కావాలంటే తెలుగు సాహిత్యానికి 894.827. ద్విబిందు (కోలన్) వర్గీకరణను ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉండగానే రూపొందించి 1933లో ప్రచురించారు. మీ మూల గ్రంథాలయం దాన్ని వాడుతుంటే ఆ సంఖ్యను సోర్స్ దగ్గర తప్పక దించుకోండి.

టైపింగులో వచ్చే తప్పులు

కంటికి ఒకేలా కనబడి, కంప్యూటరుకు వేరుగా ఉండేవి తెలుగులో చాలా ఉన్నాయి. "దుఃఖం"లో విసర్గ బదులు కోలన్ గుర్తు కొట్టడం అన్నిటికన్నా ఎక్కువ. తెలుగు సున్నా అంకెకూ అనుస్వారానికీ తేడా కనబడదు. ఐత్వాన్ని కొన్ని కీబోర్డులు ఒకే గుర్తుగా, కొన్ని రెండు ముక్కలుగా రాస్తాయి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి మధ్యలో కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. అది లేకుండా వెతికితే చాలా వ్యవస్థలు మాట దొరకలేదంటాయి. పట్టిక మొత్తాన్ని ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ రూపంలోకి మార్చుకుంటే ఐత్వం చిక్కు పోతుంది. మిగిలినవి చేత్తో పట్టుకోవాల్సిందే. అరసున్న, బండి ఱ అసలు టైటిల్‌లో ఉంచి, వాడుక రూపంలో అరసున్న తీసేసి, ఱ బదులు ర రాయండి.

అను ఫాంట్లలో డీటీపీ చేసిన పాత ఫైళ్లలోంచి పేర్లు కాపీ చేయకండి. అవి యూనికోడ్ కావు. తెర మీద తెలుగులా కనిపించినా పట్టికలోకి వచ్చేసరికి ఇంగ్లీషు అక్షరాల గందరగోళమే వస్తుంది. మార్చే సాధనాలున్నా, వాటిని దాటి వచ్చిన ప్రతి వత్తునూ మళ్లీ చూడాలి.

పట్టిక లిబ్రేఆఫీస్ కాల్క్‌లో చేయడం మేలు. అన్ని నిలువు వరసలనూ ముందే టెక్స్ట్‌గా పెట్టి, సీఎస్‌వీగా దాచేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోండి. అదే ఫైలును ఎక్సెల్‌లో రెండుసార్లు నొక్కి తెరిస్తే తెలుగంతా అర్థం లేని గుర్తులుగా మారవచ్చు, 1930-12 అన్నది డిసెంబరు తేదీ అయిపోవచ్చు, 000147 లోని ముందు సున్నాలు ఎగిరిపోతాయి. ఆ స్థితిలో సేవ్ నొక్కితే వెనక్కి రావడం లేదు. వంద వరసలు దాటాక, పట్టికలు శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్‌లో పెట్టి పేర్ల గడి మీద క్లస్టర్ నడపండి. అందులో నియరెస్ట్ నెయిబర్, లెవెన్‌స్టైన్ పద్ధతి ఎంచుకుంటే ఒకటి రెండు అక్షరాల తేడాతో ఉన్న పేర్లు జంటలుగా బయటికొస్తాయి. ఒక్కొక్కటీ చూసి కలపాలి, అన్నీ ఒకేసారి కలిపే బటన్ నొక్కకూడదు.

స్కానింగు, ఫైలు పేర్లు

ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద పాత పుస్తకాన్ని బోర్లా నొక్కితే నడుము విరుగుతుంది. వంద డిగ్రీలు మాత్రమే తెరుచుకునే ఊయల, పైన కెమెరా, రెండువైపులా 45 డిగ్రీల్లో దీపాలు ఉండాలి. చిన్న అచ్చు, వత్తుల కోసం 400 డీపీఐ, రంగుల్లో, టిఫ్. డెమీ 1/8 సైజు పుట సుమారు ఎనిమిదిన్నర అంగుళాలు, అయిదున్నర అంగుళాలు. కుదించకపోతే పుటకు 22 ఎంబీ చొప్పున రెండు వందల పుటల పుస్తకం నాలుగున్నర జీబీ. వంద పుస్తకాలకు 450 జీబీ. డిస్కులు కొనేముందు ఈ లెక్క వేసుకోండి. చదువరులకు ఇచ్చే పీడీఎఫ్ దీనిలోంచి చిన్నదిగా తయారుచేస్తారు.

ఫైలు పేరులో తెలుగూ ఖాళీలూ వద్దు. సంస్థకు మూడు ఇంగ్లీషు చిన్నక్షరాలు, పుస్తకానికి ఆరంకెలు, పుటకు నాలుగంకెలు, మధ్యలో అండర్‌స్కోర్. పుట సంఖ్య అచ్చులో ఉన్నది కాదు, స్కాన్ వరస. పని అయ్యాక పీఠిక పుటలు, అంకెలున్న పుటలు, మధ్యలో అతికించిన బొమ్మలు కూడితే ఫైళ్ల సంఖ్యతో సరిపోవాలి. సరిపోకపోతే రెండు పుటలు అంటుకుని తిరిగాయని అర్థం.

బొమ్మలోంచి అక్షరాలు చదివే (ఓసీఆర్) సాధనం టెసరాక్ట్‌కు తెలుగు నేర్పిన డేటా ఉంది. ఇటీవలి అచ్చుకు పనికొస్తుంది. సీసపు అక్షరాల పాత అచ్చులో వత్తుల దగ్గర తడబడుతుంది. అందుకే ఓసీఆర్ వస్తుంది కదా అని వివరాల పట్టికను వాయిదా వేయకూడదు.

ఎక్కడ పెట్టాలి

చిన్న సంఘానికి ఒమెకా అనే డిజిటల్ గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ చాలు. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ ఉన్న మామూలు హోస్టింగ్ మీద నడుస్తుంది. డేటాబేస్ యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షర పద్ధతిలో ఉందో లేదో మొదటిరోజే చూసుకోండి. డీస్పేస్ అనే మరో సాఫ్ట్‌వేర్ పెద్ద సంస్థలకు బాగుంటుంది, కానీ 7వ వెర్షన్ నుంచి జావా, సోలార్, పోస్ట్‌గ్రెస్, నోడ్ అన్నీ కావాలి. 8 జీబీ ర్యామ్ కన్నా తక్కువున్న సర్వరు మీద, చూసుకునే మనిషి లేకుండా దాని జోలికి పోకండి. డీస్పేస్ పెడితే హ్యాండిల్ (శాశ్వత లింకు) ప్రిఫిక్స్‌ను 123456789గా వదిలేయొద్దు. అది నమూనా సంఖ్య. దానితో ఇచ్చిన లింకులు మీ సైటు చిరునామా మారినరోజు ఎక్కడికీ వెళ్లవు, అప్పటికే వాటిని తమ వ్యాసాల్లో రాసుకున్నవాళ్లకు దారి తెగిపోతుంది. డీస్పేస్‌లోకి పట్టికను ఎక్కించేటప్పుడు ఒకే గడిలో ఇద్దరు కంట్రిబ్యూటర్లుంటే మధ్యలో రెండు నిలువు గీతలు పెట్టాలి.

ఏది పెట్టినా ఓఏఐ-పీఎంహెచ్ తెరిచి ఉంచండి. ఇతర గ్రంథాలయాలు మీ వివరాలను తీసుకెళ్లేది ఆ దారినే. ఐడెంటిఫై, లిస్ట్‌రికార్డ్స్ అనే రెండు ప్రశ్నలు బ్రౌజరులో అడిగి, తెలుగు తెలుగుగానే వస్తోందా, తేదీ గడిలో స్కాన్ చేసిన రోజు కాకుండా అచ్చయిన ఏడు వస్తోందా చూడండి. రెండోది చాలాచోట్ల తప్పుగా ఉంటుంది.

హక్కులు

1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సాహిత్య రచనకు హక్కు కర్త జీవితకాలం, మరణించిన మరుసటి జనవరి 1 నుంచి అరవై ఏళ్లు. 1962లో పోయిన రచయిత పుస్తకాలు 2023 జనవరి 1న స్వేచ్ఛగా వాడుకునే స్థితికి వచ్చాయి. టీకాకారుడికి, అనువాదకుడికి హక్కు విడిగా ఉంటుంది: పెద్దన పద్యాలకు అడ్డు లేదు, ఆ కింది తాత్పర్యం రాసినాయన 1980లో పోయి ఉంటే ఆ ప్రతిని ఇప్పుడే బయట పెట్టలేరు. పేర్ల పట్టికలో మరణ సంవత్సరం అడిగింది ఇందుకే. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర అచ్చు ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్‌గా దాచుకోవచ్చని చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది. దాచుకోవడం వేరు, అందరికీ ఇవ్వడం వేరు. అలాంటి పుస్తకాలకు వివరాలు మాత్రం పైకి పెట్టి, ఫైలుకు తాళం వేయండి. రైట్స్ గడి ఖాళీగా ఉంచకండి, ఏ ఏడు తాళం తీయొచ్చో కూడా అందులోనే రాయండి.

కాపీలు, సరిచూడడం

మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. 2015 డిసెంబరు వరదలు చూసిన నగరంలో మూడు డిస్కులూ చెన్నైలోనే, అందులోనూ కింది అంతస్తులో ఉంచడం తగదు. నెల్లూరులోనో తిరుపతిలోనో నమ్మకమైన చోట ఒకటి పెట్టండి. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే సంఖ్య) తీసి ఆ జాబితాను పట్టికతో పాటే దాచి, ఆరు నెలలకోసారి మూడు కాపీలమీదా మళ్లీ నడపాలి. తేడా వచ్చిన ఫైలును మిగతా రెండింటిలో సరైనదానితో మార్చేసి, ఆ తేదీ రాసుకోవాలి.

పాతిక పుస్తకాలకోసారి ఆగండి. పట్టిక రాయని రెండో మనిషి అందులోంచి పది తీసుకుని, ముఖపత్రం బొమ్మ పక్కన పెట్టుకుని చదవాలి. ఆ తర్వాత సైటులోకి వెళ్లి ఆ పదింటినీ తెలుగు వాడుక రూపంతో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాలతో ఒకసారి, కర్త కలంపేరుతో ఒకసారి వెతకాలి. ఏ ఒక్కటి దొరకకపోయినా ఇరవై ఆరో పుస్తకం తెరవకుండా ఆ గడి ఎందుకు తప్పిందో చూడండి. అదే తప్పు మిగిలిన పదిహేనులోనూ ఉండే అవకాశం ఎక్కువ.